రాజ్‌కపూర్ పేరు చెబితే ఎంత తగ్గిస్తారు?

"హిందుస్తానా?"

అడిగింది అరవై దాటిన ఓ పెద్దావిడ. తలకి పూల రుమాలు, నవ్వితే పై వరసలో మెరిసే రెండు బంగారు పళ్లు, ముందు గుట్టలుగా పట్టు బట్టలు. అవునని తలూపానో లేదో, కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని, కళ్లు సగం మూసి, "రాజ్ కపూర్!" అంది. పొద్దున్నే ఇష్టదైవాన్ని తలుచుకున్నట్టు!

నా ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది. ఇంత చుట్టరికం బయటపడ్డాక ఇక బేరానికి ఢోకా ఏముంది? ఆవిడ అదే చిరునవ్వుతో కాలిక్యులేటరు అందుకుని టకటకా నొక్కి నావైపు తిప్పింది.

మీటరు 1,20,000!

కంగారు పడకండి. రూపాయలు కావు, సోములు. ఊరు తాష్కెంటు, దేశం ఉజ్బెకిస్తాన్, నేను నిలబడ్డది చోర్సూ బజారు. 2024 నవంబరులో నేను వెళ్లినప్పుడు మన రూపాయికి నూటయాభై సోములు అటూ ఇటూగా వచ్చేవి. అంటే ఆవిడ అడిగింది మీటరుకు ఎనిమిది వందల రూపాయలన్నమాట.

ఢిల్లీలో విమానమెక్కితే తాష్కెంటు దాదాపు మూడు గంటల ప్రయాణం. సినిమాల్లో దుస్తుల విభాగంలో పనిచేసే నా స్నేహితురాలొకామె నేను వెళ్తున్న సంగతి విని, "అక్కడి అద్రాస్ బట్ట ఏడు మీటర్లు పట్రా. ఓ పాటలో హీరోయిన్‌కి కోటు కుట్టించాలి. డబ్బు నేనిస్తాను, బేరం మాత్రం గట్టిగా ఆడు" అని మరీ మరీ చెప్పింది. నాకొకరు చెప్పాలా? నేను పుట్టింది పోచంపల్లి పక్క ఊళ్లో, మగ్గం ఉన్న ఇంట్లో. చీరల బేరాలు వింటూ పెరిగినవాణ్ణి.

కాకపోతే ఒక చిన్న తేడా. నేను విన్న బేరాలన్నీ అమ్మేవాళ్ల వైపు నుంచి విన్నవి. కొనేవాడి వైపు, అందులోనూ పరదేశిగా నిలబడటం అదే మొదటిసారి!

వెండితెర చుట్టరికం

ఇంతకీ తాష్కెంటు పెద్దావిడకి రాజ్‌కపూర్ ఎలా తెలుసంటారా? అదో పెద్ద కథ.

రాజ్‌కపూర్ "ఆవారా" మన దగ్గర విడుదలయింది 1951లో. 1954లో సోవియట్ యూనియన్‌లో విడుదల చేస్తే, అక్కడ ఆరు కోట్లకు పైగా టిక్కెట్లు తెగాయి. ఆ ఏడాదే రాజ్‌కపూర్, నర్గీస్ మాస్కో వెళితే జనం నీరాజనం పట్టారు. ఉజ్బెకిస్తాన్ అప్పట్లో ఆ యూనియన్‌లో ఒక రిపబ్లిక్. ఆ తర్వాత "సీతా ఔర్ గీతా" వెళ్లింది. మనం 1973లో వాణిశ్రీతో "గంగ మంగ"గా తీసుకున్నది ఆ కథనే. ఇక 1982 నాటి "డిస్కో డాన్సర్" అక్కడ 1984లో విడుదలై మళ్లీ ఆరు కోట్ల లెక్క అందుకుంది. ఇప్పటికీ మిథున్ చక్రవర్తి అంటే అక్కడివాళ్లకి ఆ సినిమాలోని జిమ్మీయే.

మనవాళ్లు అక్కడికి వెళ్లి సినిమాలు కూడా తీశారు. ధర్మేంద్ర, హేమమాలిని, జీనత్ అమాన్ నటించిన "అలీబాబా ఔర్ చాలీస్ చోర్" (1980) రెండు దేశాలూ కలిసి తీసిన చిత్రం. ఉమేశ్ మెహ్రాతో పాటు లతీఫ్ ఫైజియేవ్ అనే ఉజ్బెక్ దర్శకుడు కూడా దానికి దర్శకత్వం వహించాడు. తాష్కెంటులో 1968లోనే ఆసియా, ఆఫ్రికా దేశాల చిత్రోత్సవం మొదలయింది.

మనకు మాత్రం తాష్కెంటు అంటే ముందు గుర్తొచ్చేది ఒక విషాదం. పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం చేసిన మర్నాడు, 1966 జనవరి 11న, లాల్‌బహదూర్ శాస్త్రిగారు కన్నుమూసింది ఈ ఊళ్లోనే. ఆయన పేరిట ఇక్కడ ఒక వీధి ఉంది, ఒక బడి ఉంది. ఆ బడిలో పిల్లలకి హిందీ నేర్పుతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది!

తెలిసినట్టే ఉండే భాష

చోర్సూ బజారుకి నడిమధ్య సోవియట్ కాలంలో కట్టిన పెద్ద నీలి గుమ్మటం ఉంటుంది. దాని కింద మాంసం, పెరుగు, జున్ను. మెట్లెక్కి పై అంతస్తుకి పోతే బాదం, ఆప్రికాట్, కిస్మిస్ రాశులు. బయట సందుల్లో కూరగాయలు, పళ్లు, రొట్టెలు, గిన్నెలు, టోపీలు, బట్టలు. మన మోండా మార్కెట్టునీ బేగంబజారునీ కలిపి, మధ్యలో ఓ గుమ్మటం బోర్లించారనుకోండి. అదీ వరస.

నాకు ఉజ్బెక్ భాష రాదు. అయినా చెవి ఒగ్గి వింటే ఒక్కో మాటా మనింటి పక్కవాడిలా పలకరించడం మొదలెట్టింది. బజారుని వాళ్లు "బోజోర్" అంటారు. దుకాణం "దోకోన్". ఖరీదు చేయడం "ఖరీద్". దళారి "దల్లోల్". ప్యాలా "పియోలా". మా తెలంగాణ పల్లెల్లో "కిమ్మత్తు" అనే మాట వాడతాం కదా, అక్కడ "కిమ్మత్" అంటే "బాగా ఎక్కువ ధర" అని. పారశీ, అరబ్బీ మాటలు వర్తకుల వెంటా ఫర్మానాల వెంటా ఎన్ని దేశాలు తిరిగాయో! ఆ మూటల్లోంచి కొన్ని అక్కడ జారాయి, కొన్ని మన దగ్గర జారాయి.

తెలిసినట్టుండే మాటే ఒక్కోసారి కొంప ముంచుతుంది సుమా! మొదటిరోజు "సబ్జీ" కావాలని అడిగితే ఓ పెద్దమనిషి సంచీ నిండా క్యారెట్లు పోశాడు. వాళ్ల భాషలో సబ్జీ అంటే క్యారెట్టే! అంతకన్నా తమాషా ఇంకోటి. మగవాణ్ణి మర్యాదగా పిలవాలంటే "అకా" అనాలి. అన్నయ్య అని అర్థం. బుర్రమీసాల రొట్టెలాయన్ని పట్టుకుని "అకా... అకా..." అని పిలుస్తుంటే నాకు నాకే నవ్వొచ్చింది. మా అక్క వింటే ఏమంటుందో!

పరదేశిని భయపెట్టేది భాష కాదు, సున్నాలు. టీకి వేలు, భోజనానికి పదివేలు, బట్టలకి లక్షలు. ఎవరో ఒక సంఖ్య చెబుతారు, మనం మనసులో రూపాయల్లోకి మార్చుకునేలోగా పెదాలు వాటంతటవే "సరే" అనేస్తాయి. అక్కడివాళ్లకి ఈ సున్నాలు చిన్నప్పటి ఆట. 2017 దాకా అక్కడ పెద్ద నోట్లు లేక, ఓ మాదిరి సామానుకి కూడా జనం సంచుల్లో నోట్ల కట్టలు మోసుకెళ్లేవారు. అందుకే అక్కడి పెద్దవాళ్లు నోట్లు లెక్కపెడుతుంటే పేక కలిపినట్టే ఉంటుంది.

బజారు మర్యాద

రెండు రోజులు ఊరికే తిరిగి, కొనేవాళ్లని గమనించాను. అప్పుడు కొన్ని సంగతులు అర్థమయ్యాయి.

ఒకటి, రొట్టె దగ్గర బేరమాడేవాళ్లు కనబడలేదు. గుండ్రంగా, మధ్యలో అచ్చు గుద్దిన "నోన్" రొట్టె వాళ్లకి అన్నపూర్ణ. దాన్ని బోర్లా పెట్టరు, చేత్తోనే తుంచుతారు. రెండు, పళ్ల దగ్గరా కిస్మిస్ దగ్గరా ముందు రుచి చూపిస్తారు. రుచి చూశాం కదా అని కొనితీరాల్సిన పనిలేదు. కానీ పిడికెడు నోట్లో వేసుకుని మూతి విరిస్తే మాత్రం చూపులు మారతాయి. మూడు, బట్టల దగ్గర బేరమాడకపోతేనే వింతగా చూస్తారు. చెప్పిన ధర ఇచ్చి వెళ్లిపోయిన ఓ తెల్లదొర వెనకాల ఇద్దరు దుకాణాలవాళ్లు ఒకరినొకరు చూసుకున్న చూపులో సంతోషం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది నాకు.

అక్కడి పశువుల సంతల్లో దల్లోల్ కొనేవాడి చేతినీ అమ్మేవాడి చేతినీ కలిపి పట్టుకుని, బేరం తెగేదాకా ఊపుతూనే ఉంటాడట. మన పశువుల సంతల్లో తుండుగుడ్డ కింద చేతులు దూర్చి వేళ్లు నొక్కి ధర చెప్పుకోవడం మా తాత చెప్పగా విన్నాను. అక్కడ చేతులు అందరికీ కనబడాలి, ఇక్కడ ఎవరికీ కనబడకూడదు. అయినా ఏ ఊళ్లోనైనా బేరం పలికేది చేతుల్లోనే!

బేరం కుదిరితే వాళ్లు "బరకా" అంటారు. మన పల్లెల్లో "బర్కత్తు" అంటామే, అదే. కొన్నదీ అమ్మిందీ ఇద్దరికీ అచ్చిరావాలని. ఆ మాట పడ్డాక ఇక ధర గురించి మాట్లాడకూడదు.

తారలవారీ తగ్గింపు

సరే, మన కథలోకి వద్దాం. పొద్దున పదింటికి ఆ పెద్దావిడ కొట్టు ముందు నిలబడి ఉన్నాను. అద్రాస్ అంటే పడుగు పట్టు, పేక నూలు. నేసేముందే పడుగు దారాలకి కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. అందుకే అంచులు కొద్దిగా చెదిరి, మబ్బుల్లా ఉంటాయి. ఆ పనిని వాళ్లు పిలిచే పేరులో ఉన్న "అబ్ర్" అనే మాటకి అర్థం మబ్బే! పన్నా మాత్రం బాగా తక్కువ, మన చీర పన్నాలో సగం కూడా ఉండదు. ఎరుపు, పసుపు, నలుపు కలిసిన ఓ తాను నా కంటికి నచ్చింది. నచ్చినట్టు కనబడకూడదని పక్కనున్న నీలం తానుని తడిమాను. ఆవిడ నా చేతిని చూడలేదు, నా కళ్లని చూసింది. ఎర్రదే తీసి నా ముందు పరిచింది!

పక్కన పదేళ్ల మనవరాలు కూర్చుని ఫోను చూసుకుంటోంది. బడికి సెలవులట. నేను "ఖోలా, బహుత్ జ్యాదా హై" అనగానే ఆ పిల్ల తలెత్తి, "హిందీ మే బోలియే, మై సమఝ్‌తీ హూఁ" అంది, పాఠం అప్పజెప్పినట్టు స్పష్టంగా. బడిలో నేర్చుకుంటోందట. నా హైదరాబాదీ హిందీ ఆ పిల్లకి అర్థం కాక రెండుసార్లు మొహం చిట్లించింది. "ఇది హిందీయేనా?" అని కూడా అడిగింది. ఏం చెప్పమంటారు!

దుబాసీ దొరికాక ఆట మొదలయింది.

"రాజ్‌కపూర్ దేశం నుంచి వచ్చాను. నాకూ ఇదే ధరా?" అన్నాను. పెద్దావిడ నవ్వి 1,15,000 నొక్కింది. రాజ్‌కపూర్‌కి అయిదు వేలు!

"మిథున్ చక్రవర్తి?" అన్నాను. ఆవిడ కూర్చున్నచోటే భుజాలు కదిలించి "జిమ్మీ" అంది. 1,10,000. మిథున్‌కి అయిదు వేలు!

"హేమమాలిని?" ఈసారి ఆవిడ మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు "సీతా ఔర్ గీతా" ఎన్నిసార్లు చూసిందో వేళ్లమీద లెక్కపెట్టబోయి, చాలక మానేసింది. ఆ హేమమాలిని అంతకు ముందే, 1965లో, మా తెలుగు "పాండవ వనవాసం"లో నాట్యం చేసిందని చెప్పాను. మనవరాలు అనువదించింది. ఒక్కసారిగా 1,00,000! హేమమాలినికి పదివేలు, అదీ మన తెలుగు సినిమా పుణ్యమా అని.

పిల్ల ఊరుకుంటుందా? ఫోనులో "నాటు నాటు" పెట్టి, "ఇది మీ భాషేనా?" అంది. మాదే, 2023లో ఆస్కార్ వచ్చింది కూడా అన్నాను. ఆ పిల్ల లేచి రెండడుగులు వేసింది. నన్నూ వేయమంది. బజారు నడిమధ్య, ముప్పయ్యేళ్లు దాటిన నేను ఆ రెండడుగులూ వేశాను. పక్క కొట్టువాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దావిడ 95,000 నొక్కింది. నా నాట్యానికి అయిదు వేలు. అంతకన్నా ఎక్కువ ఆశించడం కూడా తప్పే!

ఇక తారల జాబితా అయిపోయింది. అప్పుడు మన ఊరి బ్రహ్మాస్త్రం తీశాను. "వద్దులెండి" అని నాలుగడుగులు నడిచాను. కోఠీ నుంచి తాష్కెంటు దాకా ఈ నాలుగడుగుల్లో ఉన్న బలం ఇంకెందులోనూ లేదు. అయిదో అడుగుకి "బోలమ్!" అని పిలుపు. నాయనా అని అర్థం. 80,000. "ఏడు మీటర్లు తీసుకుంటాను, డెబ్బై అయిదు" అన్నాను. ఆవిడ ఆకాశం వంక చూసింది, బట్ట వంక చూసింది, పెద్దగా నిట్టూర్చింది. చెయ్యి చాచింది.

"బరకా!"

5,25,000 సోములు. మన లెక్కలో మూడువేల అయిదువందలు. చెప్పిన ధరలో రెండువేల వంద రూపాయలు తగ్గించానన్నమాట. ఆవిడ ఆ నోట్లని పరిచి ఉన్న బట్టలన్నిటికీ ఒకసారి తాకించి, నుదుటికి అద్దుకుంది. నేనే ఆ రోజు తొలి గిరాకీ. మన బోణీయే! ఒళ్లు ఝల్లుమంది. మా నాయిన చీర అమ్మిన నోటుని అలాగే కళ్లకి అద్దుకునేవాడు.

పట్టని నిద్ర

గెలిచినవాడు హాయిగా నిద్రపోవాలి కదా! ఆ రాత్రి హోటల్ గదిలో బట్ట విప్పి మంచం మీద పరుచుకున్నాను. స్నేహితురాలికి ఫోటో పంపాను. "అయిదొందలకేనా! నువ్వు మామూలోడివి కాదు" అని జవాబొచ్చింది. ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను.

మూడోసారి చదవబుద్ధి కాలేదు. దీపం వెలుగులో ఆ బట్ట మీద కట్ల గుర్తులు కనబడుతున్నాయి. ఒక్కో రంగుకి ఒక్కోసారి కట్టాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి. మా ఇంట్లో ఆ పని అమ్మది. కట్టే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి రోజుకి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనికి యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి కథని 2019లో ప్రియదర్శి హీరోగా "మల్లేశం" సినిమాగా తీశారు, మీలో చాలామంది చూసే ఉంటారు. తల్లి భుజం నొప్పి చూడలేని కొడుకు కథ అది. హాల్లో నా పక్క సీట్లో కూర్చున్న మా అమ్మ ఆ సినిమా చూస్తున్నంతసేపూ తన కుడిభుజం పట్టుకునే ఉంది.

చీరలు అమ్మడానికి నాయిన బస్సులో పట్నం వెళ్లేవాడు. రెండుసార్లు నన్నూ తీసుకెళ్లాడు. కొట్టువాడు చీర విప్పి, మూతి విరిచి, పక్కకి నెట్టి, మళ్లీ లాక్కుని... అంతా గుర్తే. నాలుగడుగులు నడిచే గిరాకీలని చూసి ఎంత తిట్టుకునేవాణ్ణో! ఈ రోజు ఆ నాలుగడుగులూ నేనే నడిచాను. అదీ చిన్నపిల్ల చేత అనువాదం చేయించి, నాట్యం చేసి, నవ్వించి మరీ.

తెల్లారేసరికి నిశ్చయించుకున్నాను. వెళ్లి ఇంకో లక్షన్నర సోములు ఇచ్చేయాలి. అప్పటికిగానీ మనసు కుదుటపడదు.

ఖోలా నవ్వు

నన్ను చూడగానే పెద్దావిడ మొహంలో అనుమానం. బట్ట తిరిగివ్వడానికి వచ్చాననుకుంది. పిల్లని పిలిచి, నిన్న తక్కువిచ్చాను, ఇది కూడా తీసుకోమను అని నోట్లు ముందు పెట్టాను. మాది కూడా ఇదే పని చేసే ఇల్లని చెప్పాను.

పిల్ల చెప్పింది. ఆవిడ కాసేపు నన్నూ నోట్లనీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వింది చూడండి! రెండు బంగారు పళ్లూ మెరిసేలా, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. పక్క కొట్టువాళ్లకి చెప్పింది. వాళ్లూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వు ఆపుకుంటూ అనువదించింది.

"మా అమ్మమ్మ ముప్పై ఏళ్ల నుంచి ఈ కొట్టు నడుపుతోందట. నష్టానికి అమ్మడానికి నువ్వేమైనా అల్లుడివా అంటోంది. నువ్వు ఇంకాసేపు నిలబడి ఉంటే తొలి బేరం కాబట్టి డెబ్బైకి కూడా ఇచ్చేదట. రాజ్‌కపూర్‌కీ జిమ్మీకీ తగ్గించాలి కాబట్టే హిందుస్తానీ వాళ్లకి ముందే కలిపి చెబుతుందట!"

నా మొహం ఎలా ఉందో నాకు కనబడలేదు. కనబడకపోవడమే మంచిది.

నోట్లు మడిచి నా జేబులో తనే పెట్టింది. బరకా అన్నాక ధర మాట ఎత్తకూడదని చూపుడు వేలు ఊపి మందలించింది. స్టూలు మీద కూర్చోబెట్టి, పియోలాలో పాలు లేని పచ్చటి టీ పోసింది. మీ ఇంట్లో చీరకి పేక కడతారా, పడుగు కడతారా, రెండూ కడతారా అని అడిగించింది. కొన్నిటికి రెండూ అంటే నమ్మలేదు. ఫోనులో అమ్మ నేసిన చీర ఫోటో చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఫోటోని పెద్దది చేసి, చాలాసేపు చూసింది. నాలుకతో చప్పుడు చేసి, కాలిక్యులేటరు నా చేతికిచ్చింది. ధర కొట్టమని!

కొట్టాను. ఆవిడ మూతి విరిచి సగం చేసి చూపించింది. ఇద్దరం నవ్వుకున్నాం.

రాత్రంతా ఆవిడ మీద జాలిపడ్డాను. ఆ జాలిలో ఎంత గర్వం ఉందో అప్పుడు తెలిసొచ్చింది. మోసపోతానేమో అని భయపడే పరదేశి ఒక రకం. అయ్యో మోసం చేశానేమో అని బాధపడే పరదేశి ఇంకో రకం. అమ్మేమనిషికి తన లెక్క తనకుంటుందని ఇద్దరూ మర్చిపోతారు.

నాయిన అడిగిన ప్రశ్న

ఇంటికొచ్చాక బట్టని ముందు నాయినకి చూపించాను. ఆయన కొస పట్టుకుని బొటనవేలితో రుద్దాడు.

"కట్లు పడుగుకే ఉన్నయి. పేక నూలు. నేత మంచిగున్నది. ఎంతకు తెచ్చినవు బిడ్డా?"

చెప్పాను. తారల తగ్గింపు, నాలుగడుగులు, నిద్ర పట్టని రాత్రి, ఖోలా నవ్వు... అన్నీ చెప్పాను. నాయిన కూడా నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఒకే మాట అడిగాడు.

"పొద్దుగాల పోయినవా, పొద్దుగూకినంక పోయినవా?"

"పొద్దుగాలనే. ఎందుకు నాయినా?"

"పొద్దుగాల అమ్మేటోనికి ధైర్యముంటది. పొద్దుగూకితే బస్సు చూసుకోవాలె."

ఎన్నాళ్లుగానో అడగాలనుకుంటున్నది అప్పుడు అడిగాను. "నువ్వు ఎన్నడన్న నష్టానికి అమ్మినవా?"

నాయిన బట్ట మడత పెడుతూ చెప్పాడు. "ఒక్కసారి. నువ్వు ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్ష ఫీజుకు ఆఖరు రోజు. రెండు చీరలు పట్టుకొని పొయ్యిన. కొట్టాయన బేరం చేస్తుండు. నేను గోడ మీద గడియారం దిక్కు రెండుసార్లు చూసిన. ఆయన నన్ను చూసిండు. గంతే, బేరం అయిపోయింది. పట్టు పైసలు, రంగు పైసలు వచ్చినయి. చేతి కష్టం రాలె."

నాకు నోట మాట రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఫీజు కట్టిన రసీదు జేబులో పెట్టుకుని నేను మ్యాట్నీకి వెళ్లాను. అది బాగా గుర్తుంది.

"ఆయన మోసం చెయ్యలె బిడ్డా" అన్నాడు నాయిన. "బేరమే చేసిండు. నాకు తొందరుండె, ఆయనకు లేకుండె."

చోర్సూ బజారులో నాకు అర్థం కాని సంగతి మా ఇంటి వసారాలో అర్థమయింది. బేరంలో బలం నాలుక వాడికాదు, తారల పేర్లదీ కాదు. ఆగగలిగినవాడిది. ఖోలా ఆగగలదు, కాబట్టి మేమిద్దరం సమానంగా ఆడుకున్నాం, నవ్వుకున్నాం, టీ తాగాం. నాయిన ఆ రోజు ఆగలేడు. అది ఆట కాదు.

అందుకని, సినిమా ప్రియులైన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రేపు మీరు సెలవులకి బ్యాంకాక్ వెళ్లినా, తాష్కెంటు వెళ్లినా, లాడ్‌బజారులో గాజుల కొట్టు ముందు నిలబడినా, సంతోషంగా బేరమాడండి. తప్పేం లేదు. మీరు బేరమాడతారని వాళ్లు ముందే లెక్కేసుకుని ఉంటారు. కానీ కాలిక్యులేటరు చూసే ముందు ఎదుటి మనిషిని ఒక్కసారి చూడండి. టీ పోసి కూర్చోబెడుతున్నారా? అయితే హేమమాలిని పేరూ చెప్పండి, నాలుగడుగులూ నడవండి. మాటిమాటికీ గడియారం వంక చూస్తున్నారా, చీకటి పడుతుంటే ఆఖరి ముక్కని పట్టుకుని నిలబడ్డారా? అప్పుడు చెప్పిన ధర ఇచ్చి వచ్చేయండి. ఆ తేడా మీకు ఓ సినిమా టిక్కెట్టు ఖరీదు. వాళ్లకి అది ఏ పిల్లవాడి ఫీజో!

స్నేహితురాలు కోటు కుట్టించింది. పాట షూటింగ్ అయిందట. తెరమీద ఆ కోటు ఎన్ని సెకన్లు కనబడుతుందో తెలియదు. మిగిలిన అరమీటరు ముక్క మాత్రం మా ఇంట్లో మగ్గం పక్కన మేకుకి వేలాడుతోంది. నాయిన అప్పుడప్పుడు దాన్ని తడిమి చూస్తుంటాడు.

"ఆ పెద్దమ్మ ఎన్నడన్న మనూరికి వస్తె చెప్పు" అంటాడు. "ముందుగాల రెండింతలు చెప్త. ఎంత తగ్గిస్తదో చూద్దాం!"